జాబితాలో చోటు దొరకని ఏడో స్కేలు
(గిటార్ నేర్చుకునే వారికి ఒక పాఠం)



మన వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, పోటీ పరీక్షల సూచనలు ఎప్పుడూ ఉంటాయి. ఈసారి నన్ను సంగీతం గురించి ఏదైనా రాయమన్నారు. గిటార్ పట్టినవాళ్లలో చాలామంది సి మేజర్ స్కేలు, నాలుగైదు కార్డులు, రెండు సినిమా పాటలు నేర్చుకుని అక్కడే ఆగిపోతారు. అందుకే కాస్త కష్టమైన పాఠం ఎంచుకున్నాను. దీని పేరు లోక్రియన్. సి మేజర్ స్కేలులోని ఏడు స్వరాలతోనే తయారవుతుంది కానీ చెవికి సుఖంగా ఉండదు. చాలా పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి, "ఇది అంతగా వాడుకలో లేదు" అని వదిలేస్తాయి. అలా ఎందుకు వదిలేశారో, నిజానికి అది ఏం పని చేస్తుందో తెలిస్తే మీకు తెలిసిన పాటలే కొత్తగా వినిపిస్తాయి.

మొదటి మూడు పాఠాలకు గిటార్‌లో రెండో తీగ, మూడో తీగ ఉంటే చాలు. మిగతావి తెగిపోయి ఉన్నా ఫరవాలేదు. అన్నిటికంటే సన్నని తీగ మొదటిది, దాని పక్కది రెండోది అని గుర్తుంచుకోండి. ఫ్రెట్‌ను మన వీణ వాళ్లలాగే మెట్టు అంటాను. మెట్టు 0 అంటే వేలు పెట్టకుండా తీగను ఖాళీగా మీటడం.

ఏడు స్వరాలు, ఏడు స్కేళ్లు

సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. ఈ ఏడింటిని సి నుంచి మొదలుపెట్టి వాయిస్తే మేజర్ స్కేలు. మన సంగీతంలో ఇది 29వ మేళకర్త ధీర శంకరాభరణం. స్వరాలు మార్చకుండా మొదలుపెట్టే చోటు మాత్రం మారిస్తే రాగం మారిపోతుంది. మనవాళ్లు దీన్ని గ్రహభేదం అన్నారు. రిషభాన్ని షడ్జమం చేసుకుంటే ఖరహరప్రియ (22), గాంధారాన్ని చేసుకుంటే హనుమతోడి (8), మధ్యమాన్ని చేసుకుంటే మేచకల్యాణి (65), పంచమాన్ని చేసుకుంటే హరికాంభోజి (28), ధైవతాన్ని చేసుకుంటే నటభైరవి (20) వస్తాయి. పాశ్చాత్యులు ఇవే స్వర క్రమాలను వరుసగా డోరియన్, ఫ్రిజియన్, లిడియన్, మిక్సోలిడియన్, ఎయోలియన్ అంటారు.

ఇక మిగిలింది నిషాదం. దాన్ని షడ్జమం చేసుకుంటే ఏ మేళకర్తా రాదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి రూపొందించిన 72 మేళకర్తల పద్ధతిలో ప్రతి మేళంలోనూ పంచమం ఉండి తీరాలి, మధ్యమం ఒక్కటే ఉండాలి. నిషాదం నుంచి లెక్కపెడితే పంచమం ఉండదు, మధ్యమాలు రెండు వస్తాయి. అందుకని అది జాబితాలో లేదు.

యూరప్‌లోనూ ఇలాగే జరిగింది. 1547లో స్విట్జర్లాండ్ పండితుడు గ్లారియానస్ తన "డోడెకాకార్డాన్" గ్రంథంలో 12 మోడ్‌లను ఒప్పుకున్నాడు. బి నుంచి మొదలయ్యేదాన్ని మాత్రం పనికిరాదని పక్కన పెట్టాడు. ఆయన చెప్పిన కారణం కూడా అదే, బి నుంచి సరైన పంచమం లేదని. రెండు వేర్వేరు సంప్రదాయాలు ఒకే స్కేలును ఒకే కారణంతో బయట ఉంచాయి. ఆ బయట ఉన్నదే మన లోక్రియన్.

పంచమం లేకపోతే ఏమవుతుంది?

సైన్స్ చదివే తమ్ముళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గిటార్ రెండో తీగ ఖాళీగా మీటితే సెకనుకు సుమారు 247 సార్లు కంపిస్తుంది. అది బి. దానికి పంచమం అయ్యే ఎఫ్ షార్ప్ సుమారు 370 సార్లు కంపిస్తుంది. 247, 370ల నిష్పత్తి దాదాపు 2:3. ఇది రెండుసార్లు కంపించేలోగా అది మూడుసార్లు కంపించి, రెండూ మళ్లీ కలుసుకుంటాయి. అందుకే షడ్జమ పంచమాలు కలిపి మోగిస్తే చెవికి విశ్రాంతిగా ఉంటుంది. మన తంబురాకు ఆధారం ఇదే.

లోక్రియన్‌లో ఎఫ్ షార్ప్ లేదు, ఎఫ్ ఉంది. అది సుమారు 349. నిష్పత్తి 1:1.414, అంటే రెండు వర్గమూలం. చిన్న అంకెలతో చెప్పడానికి కుదరని నిష్పత్తి. రెండు కంపనాలూ తేలిగ్గా కలవవు, వినేవాడికి ఏదో తేలకుండా ఉండిపోయినట్టు అనిపిస్తుంది. ఈ ఆరు మెట్ల దూరాన్ని ట్రైటోన్ అంటారు. దీనికి పాశ్చాత్యులు "సంగీతంలో సైతాను" అనే పేరు కూడా పెట్టారు. మధ్యయుగంలో చర్చి దీన్ని నిషేధించిందని, వాయించినవాళ్లను శిక్షించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి ఆధారాలు లేవు. ఆ పేరు పుస్తకాల్లో కనిపించేది 1700ల తొలి రోజుల నుంచే.

మొదటి పాఠం: ఒక్క తీగ మీద

ముందు శ్రుతి చూసుకోండి. మూడో తీగ 4వ మెట్టు, ఖాళీ రెండో తీగ ఒకే స్వరం పలకాలి. రెండూ కలిపి మీటితే "వవవవ" అని అల వినిపిస్తే తేడా ఉన్నట్టు. బిరడాను నెమ్మదిగా తిప్పండి. అల నిదానమై ఆగిపోయినప్పుడు శ్రుతి కుదిరినట్టు. ఫోన్‌లో ట్యూనర్ ఉంటే వాడుకోండి, కానీ చెవితో కూడా ఒకసారి చూడండి. శ్రుతి తప్పిన గిటార్ మీద ఈ పాఠం అస్సలు పనికిరాదు. స్కేలు వల్ల వచ్చే కరుకుదనమేదో, శ్రుతి తప్పడం వల్ల వచ్చే కరుకుదనమేదో మీకు తెలియకుండా పోతుంది.

ఇప్పుడు రెండో తీగ మీద ఈ మెట్లు వాయించండి:

0 – 1 – 3 – 5 – 6 – 8 – 10 – 12

స్వరాలు: బి, సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. మన లెక్కలో షడ్జమం, శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం, పై షడ్జమం. ఎక్కండి, దిగండి. తొందర వద్దు. ప్రతి స్వరానికి రెండు సెకన్లు ఇవ్వండి. ఒక వారం రోజూ పది నిమిషాలు ఇదే చేస్తే వేళ్లకు దారి తెలుస్తుంది.

రెండో పాఠం: శ్రుతి మీద వినడం

ఈ పాఠంలో వేళ్ల కంటే చెవికి పని ఎక్కువ. రెండో తీగను ఖాళీగా మోగిస్తూ ఉండండి. అదే మీ తంబురా. దాంతోపాటు మూడో తీగ మీద ఒక్కొక్క మెట్టు నొక్కి రెండు తీగలూ కలిపి మీటండి.

4వ మెట్టు (బి): రెండూ ఒకటే. ఇది ఇల్లు.
5వ మెట్టు (సి): గరగరలాడుతుంది. కంపనాల తేడా సెకనుకు దాదాపు 15, ఆ గరగర అదే.
7వ మెట్టు (డి): దిగులుగా ఉంటుంది కానీ కరుకుగా ఉండదు.
9వ మెట్టు (ఇ): హాయిగా ఆగుతుంది.
10వ మెట్టు (ఎఫ్): ఇదే ముడి. ఆగదు, కదలదు.
12వ మెట్టు (జి): మెత్తగా ఉంటుంది, కాస్త బరువు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. 10వ మెట్టు మీటండి, తరువాత 11వ మెట్టు మీటండి. 11 అంటే ఎఫ్ షార్ప్, అసలైన పంచమం. ఒక్క మెట్టు తేడాతో గదిలో దీపం వేసినట్టు ఉంటుంది. మళ్లీ 10కి రండి. ఇలా పదిసార్లు చేశాక 10వ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఉండి వినండి. మొదట తప్పులా వినిపించిన స్వరానికి తనదంటూ ఒక రంగు ఉందని మూడు నాలుగు రోజుల్లో తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అపస్వరం వేరు, వివాది వేరు. ఒకచోట పలకాల్సింది చేయి జారి ఇంకోచోట పలికితే అది అపస్వరం. పొసగదని తెలిసే, కావాలని, సరైన చోట పెడితే అది వివాది. మన పాత లక్షణ గ్రంథాలు వాదిని రాజుతో, సంవాదిని మంత్రితో, వివాదిని శత్రువుతో పోల్చాయి. శత్రువు అన్నారు కానీ లెక్కలోంచి తీసేయలేదు. వివాది గురించి కర్ణాటక సంగీతం చెప్పే నియమాలు వేరే ఉన్నాయి. నేను ఇక్కడ ఆ మాటను పొసగని స్వరం అనే అర్థంలోనే వాడుతున్నాను.

మూడో పాఠం: హిందోళం గుమ్మంలోంచి లోపలికి

లోక్రియన్‌లోకి నేరుగా దూకితే చాలామందికి దారి తప్పుతుంది. మనకు మాత్రం తెలిసిన గుమ్మం ఒకటుంది. రెండో తీగ మీద ఈ మెట్లు వాయించండి:

0 – 3 – 5 – 8 – 10 – 12

విన్న రాగమే అనిపిస్తోందా? ఇది హిందోళం. త్యాగరాజస్వామి "సామజవరగమన" కీర్తన రాగం ఇదే. ఇందులోనూ పంచమం లేదు, రిషభం కూడా లేదు. అయినా ఎంతో నిండుగా ఉంటుంది. పంచమం లేకపోతే రాగం నిలబడదనే మాట పూర్తిగా నిజం కాదని హిందోళమే సాక్ష్యం. అక్కడ ఆ బరువును మధ్యమం మోస్తుంది.

ఈ హిందోళం ఐదు స్వరాలకు 1వ మెట్టు (సి), 6వ మెట్టు (ఎఫ్) చేరిస్తే లోక్రియన్ అవుతుంది. కాబట్టి ముందు హిందోళంలో తిరగండి. చెవికి ఇల్లు ఎక్కడుందో గట్టిగా తెలిశాక, కొత్త స్వరాలను ఒక్కొక్కటిగా పిలవండి:

0 – 3 – 5 – 3 – 0
0 – 3 – 5 – 6 – 5 – 3 – 0
0 – 1 – 0 – 3 – 0
12 – 10 – 8 – 6 – 5 – 3 – 1 – 0

చూడండి, 6వ మెట్టు వచ్చాక 5కి దిగాం, 1వ మెట్టు వచ్చాక 0కి దిగాం. ఈ రెండు స్వరాలూ కిందికి ఒక్క మెట్టు దిగడానికి తహతహలాడతాయి. దిగనిస్తే ఉపశమనం, ఆపితే ఉత్కంఠ. ఆ రెండింటి మధ్య ఎంతసేపు ఆపాలనేది వాయించేవాడి చేతిలో ఉంటుంది.

ఈ స్కేలులో అసలు చిక్కు స్వరాలు వాయించడం కాదు, ఇంట్లో ఉండగలగడం. ఇవే ఏడు స్వరాలు సి మేజర్‌వి కూడా కదా. కాస్త ఏమరితే చెవి మిమ్మల్ని సి దగ్గరికి లాక్కుపోతుంది. అప్పుడు మీరు వాయించేది శంకరాభరణమే, లోక్రియన్ కాదు. దానికి మూడు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, ప్రతి పలుకూ బి మీద మొదలుపెట్టి బి మీద ముగించండి. రెండు, సి మీద ఎక్కువసేపు నిలబడకండి, తాకి వచ్చేయండి. మూడు, మీటిన ప్రతి రెండు మూడు స్వరాలకు ఒకసారి ఖాళీ తీగను గుర్తు చేయండి.

నాలుగో పాఠం: ఈ ముడి మీ పాటల్లోనే ఉంది

ఇప్పటినుంచి అన్ని తీగలూ కావాలి. మీకు జి సెవెన్ కార్డు, సి కార్డు తెలిసే ఉంటాయి. జి సెవెన్ పట్టి, మొదటి రెండు తీగలు మాత్రమే మీటండి. రెండో తీగ ఖాళీ, అంటే బి. మొదటి తీగ 1వ మెట్టు, అంటే ఎఫ్. గుర్తుపట్టారా? మనం ఇంతసేపు కుస్తీ పట్టిన ముడి అదే. ఇప్పుడు సి కార్డుకు మారి అవే రెండు తీగలు మీటండి. రెండో తీగలో బి ఒక మెట్టు ఎక్కి సి అయింది. మొదటి తీగలో ఎఫ్ ఒక మెట్టు దిగి ఇ అయింది. ముడి విడిపోయింది. "పాట ఇంటికొచ్చింది" అని మనకు అనిపించేది ఈ కదలిక వల్లే.

అంటే ఏ దూరాన్ని చూసి ఒక స్కేలును పనికిరాదన్నారో, ఆ దూరం లేకుండా జి సెవెన్ నుంచి సి కి రావడంలో ఆ ఇంపే ఉండదు. దానిచేత పని చేయించుకున్నారు కానీ జాబితాలో దాని పేరు రాయలేదు. ఊరి పనంతా చేసి ఊరి చివర ఉండే మన పెద్దవాళ్ల సంగతి తెలిసిన మనకు ఇది అర్థం కావడానికి వేరే వివరణ అక్కర్లేదు.

ఐదో పాఠం: కీరవాణిలో వాడుక

లోక్రియన్‌లో పాటంతా కట్టడం అరుదు. పాటలో ఒక మలుపు దగ్గర వాడటమే ఎక్కువ. అందుకు మంచి చోటు మైనర్ పాటల్లో దొరుకుతుంది. ఎ మైనర్‌లో ఈ మూడు కార్డులు పట్టండి. ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా వరసగా మెట్లు ఇస్తున్నాను, "వద్దు" అన్న తీగను మీటకండి.

బి హాఫ్ డిమినిష్డ్: వద్దు – 2 – 3 – 2 – 3 – వద్దు
ఇ సెవెన్: 0 – 2 – 0 – 1 – 0 – 0
ఎ మైనర్: వద్దు – 0 – 2 – 2 – 1 – 0

మొదటిదానికి నాలుగు దెబ్బలు, రెండోదానికి నాలుగు, మూడోదానికి ఎనిమిది. నిదానంగా తిప్పండి. మొదటి కార్డులో బి, డి, ఎఫ్, ఎ ఉన్నాయి. అది లోక్రియన్ సొంత కార్డు. ఒంటరిగా వింటే నిలబడలేనట్టు ఉంటుంది, వరసలో పెడితే ముందుకు నడిపిస్తుంది.

ఒక మిత్రుడు కార్డులు పట్టుకుంటే ఇంకొకరు రెండో తీగ మీద స్వరాలు వాయించాలి. మొదటి కార్డు మీద మనం నేర్చుకున్న లోక్రియన్ మెట్లు. ఇ సెవెన్ వచ్చినప్పుడు 8వ మెట్టు (జి) వదిలి 9వ మెట్టు (జి షార్ప్) పట్టండి. ఎ మైనర్ వచ్చాక 10వ మెట్టు (ఎ) మీద గానీ 5వ మెట్టు (ఇ) మీద గానీ ఆగండి. ఎ నుంచి లెక్కపెడితే జి షార్ప్ కలిసిన ఈ స్వరాలు కీరవాణి రాగానివి. కీరవాణిలో సినిమా పాటలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ వరస మీకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

వాడినవాళ్లు

1970 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ బృందం బ్లాక్ సబ్బత్ తన పేరుతోనే మొదటి ఆల్బం విడుదల చేసింది. అందులో అదే పేరున్న మొదటి పాటకు ఆధారం మూడు స్వరాలు: జి, పై జి, సి షార్ప్. జి నుంచి సి షార్ప్‌కు ఉన్న దూరం మన ముడే. ఆ గిటార్ వాయించిన టోనీ అయోమీ బర్మింగ్‌హామ్ కార్మికుడు. 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వాడాడు, తరువాత శ్రుతి తగ్గించి తీగలను వదులు చేసుకున్నాడు. హెవీ మెటల్ సంగీతం అతని గిటార్‌కు ఎంతో రుణపడి ఉంది.

ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ 1995లో పాడిన "ఆర్మీ ఆఫ్ మీ" పాటలో కింద నడిచే బాస్ వరసకు లోక్రియన్ ఆధారం. ఒకే వరస పదే పదే తిరగడం వల్ల చెవి ఆ ఇంటికి అలవాటు పడిపోతుంది. పంచమం లేని ఇంట్లో ఉండాలంటే అదొక ఉపాయం, చిన్న వరసను విడవకుండా తిప్పడం.

సాధన గురించి నాలుగు మాటలు

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మొదటి వారం ఒక్క తీగ, రెండో వారం శ్రుతి మీద వినడం, మూడో వారం హిందోళం నుంచి లోక్రియన్‌కు, నాలుగో వారం కార్డులు. స్టడీ అవర్‌లో వద్దు. పక్కవాళ్లు చదువుకుంటున్నప్పుడు తప్పనిసరై వాయించాల్సి వస్తే బ్రిడ్జి దగ్గర తీగల కింద చేతిరుమాలు మడిచి దోపండి, చప్పుడు తగ్గుతుంది.

ప్రతి వారం చివర మీరు వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి, మరునాడు వినండి. వాయిస్తున్నప్పుడు తెలియనివి అప్పుడు తెలుస్తాయి. బి మీద ముగిసిందో, సి మీదకు జారిపోయిందో చూసుకోండి. సొంతంగా ఎనిమిది స్వరాల పలుకు ఒకటి కట్టి, నోట్‌బుక్‌లో మెట్ల అంకెలతో రాసుకోండి. మీ పక్క గదివాడు ఆ అంకెలు చూసి వాయించగలిగితే మీకు పాఠం వచ్చినట్టే.

గురువు దొరకలేదని, మంచి గిటార్ లేదని ఆగకండి. రెండు తీగలు, నిలకడగా వినే చెవి ఉంటే ఇక్కడ రాసిందాంట్లో సగానికి పైగా ఈ రోజే మొదలుపెట్టవచ్చు. గురువు దొరికిన రోజున ఆయన చెప్పేది తొందరగా అర్థమవుతుంది. నేర్చుకున్నాక మీ తరువాత వచ్చే తమ్ముడికి, చెల్లికి చెప్పడం మరిచిపోకండి. వచ్చే వార్షికోత్సవం స్టేజీ మీద ఎవరైనా హిందోళంతో మొదలుపెట్టి, ఆరో మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, ఐదో మెట్టుకు దిగితే వినాలని నా కోరిక.

శుభాకాంక్షలతో,
ఒక పూర్వ విద్యార్థి